చిల్లు లేని కోటు

ఏంది తాబిష్, గా కోటు చంకల పెట్టుకొని వచ్చినవ్? దా, కుర్చీ గుంజుకొని నీడకు కూసో. ఫోను నా మొకం మీదికి తేకు, ఆగు జర. సమజైంది తియ్. పాత మిలిటరీ సామాన్లు ఏరుకొచ్చి అద్దాల బీర్వాలల్ల పెట్టుకునేటోడు ఎవడో హైదరాబాద్ నుంచి దిగిండని నిన్ననే మీ అమ్మ మహెజబీన్ చెప్పింది. ఏమంటడు? "కోటు జర్మనీ ఆఫీసర్‌దే, బిళ్ళలు సుత అసలువే, కని చిల్లేది? కొట్లాటల సచ్చినోని కోటుకు తూట వడ్డ చిల్లుండాలె గద" అన్నడా? హుషారున్నడు. మీ దాదాను ఎరిగినోళ్ళల్ల గీ ఖనిల నేనొక్కణ్నే మిగిల్తి. "గులాం అలీ లడాయిల గా ఆఫీసర్ను సంపి కోటు గుంజుకున్నడు" అని సదయ్య తాత ఫోన్ల ఒక్క ముక్క అంటె ఆయన కొంటడు, నీకు బసంత్‌నగర్ రోడ్డు మీద సొంతం మెకానిక్ షెడ్డు పడ్తది. గంతే గద. ఇంకొకల షెడ్డుల నూనె మరకలు ఎన్నేండ్లు తుడుస్తవ్, నాకు తెల్వదా బిడ్డా.

ఇటు తిప్పు కోటును. కుడి రొమ్ము మీద దారాలు లేసున్నయ్ సూడు. గాడ గద్ద ఉండె, రెక్కలు సాపి, కాళ్ళల్ల హిట్లర్ గుర్తు పట్టుకొని. దాన్ని గురించి సుత ఏడ్సిండా ఆయన? ఏడుస్తడు మరి. మీ దాది రబియా బీ కాపురానికి వచ్చిన కొత్తల సందూకు తీసి సూసి ఒక్కటే లొల్లి. "నమాజ్ పడ్తే సో ఘర్ మే యే పరిందా కైకు జీ?" అన్నదట, నమాజు చేసే ఇంట్ల గీ పిట్ట ఎందుకని. బొమ్మలున్న ఇంట్లకు ఫరిస్తాలు, దేవదూతలు రారు గద మీకు. బ్లేడు తీస్కొని కుట్లు ఇప్పి, గద్దను బొగ్గుల సిగిడిల ఏసింది. కాలుతుంటె మీ దాదా గడపల కూసొని సూసుకుంట ఉన్నడట, వద్దని అనలే. ఇంకో ఆడామె అయితె కోటే ఏస్తుండె గద పొయ్యిల. ఉన్ని మంచిగున్నదని ఉంచింది పాపం.

మనిషి ఎట్లుండెనంటె, తాడిచెట్టు లెక్క. కమాన్‌పూర్ దిక్కు నుంచి మిలిటరీల చేరి, ఇటలీ దాక పోయొచ్చి, ఆఖరికి మాతోని బొగ్గు బాయి దిగిండు. నేను మీసం మొలిచిన పోరణ్ని, ఆయన సగం నెరిసినోడు, కాక అని పిలుద్దును. చలికాలం ఫస్ట్ షిఫ్టుకు పోతుంటె మంచుల చెట్లు సుత ముసుగేసుకున్నట్టే ఉంటుండె. మేము మఫ్లర్లు, గొంగళ్ళు. గాయన ఒక్క అంగి మీద సైకిల్ తొక్కుకుంట వచ్చేది, పెదవులు నల్లవడి. మా షిఫ్టు బిక్షం ఊకుంటడా? "ఏందే మిలిటరీ కాకా, జర్మనీ కోటు పెండ్లికి దాసినవా ఏంది? నాకన్న ఇయ్యరాదు, నాటకంల ఇన్‌స్పెక్టర్ ఏషం కడ్త!" అనేది. నవ్వేది కాక. ఇయ్యకపోయేది, తొడగకపోయేది. యేటా ఎండల ఆరేసి, యాపాకు పెట్టి, మల్ల సందూకుల పెట్టేది. ఆఫీసర్ను కత్తితోని పొడిసి తెచ్చిండని బాయంత అనుకునేది. అవుననకపోయేది, కాదనకపోయేది.

నాకెట్ల తెలిసిందంటె, ఒకపారి బాయిల బువ్వ తిని ఇద్దరమే కూసున్నం. నేనే అడిగిన, కత్తితోనా కాకా, తుపాకితోనా అని. టోపీ లైటు బంద్ జేసిండు. నాది సుత బంద్ జెయ్యమన్నడు. బాయి లోపల లైటు బంద్ జేస్తె నీ చెయ్యి నీకే కనవడది బిడ్డా. గా చీకట్ల చెప్పిండు. కొట్లాట లేదు ఏం లేదు. కాలు ఇరిగి దొరికిండట గా ఆఫీసరు. కొండ మీద మేకల కొట్టంల పండవెట్టి, పొద్దున దాక కావలుండుమని ఈయనకు డ్యూటీ ఏసిన్రు. బయట బర్ఫ్, మోకాలెత్తు మంచు. ఈయన కంబలి తడిసి ముద్ద. హిట్లర్ మనిషే, కాదంటలేను, గా బిళ్ళలు ఎంతమందిని సంపితె వచ్చినయో. తుపాకి సూపెట్టి కోటు ఇప్పుమన్నడు కాక. వాడు బొత్తాలు ఇప్పుకున్నడు, కింది రెండిటికి ఏళ్ళు వంగలే. గవి కాకనే ఇప్పిండు. తొడుక్కున్నడు. ఎన్ని రోజుల నుంచి లేని నిద్ర, గోడకు ఆనంగనే పట్టిందట. తెల్లారి సూస్తె వాడు అంగి మీద ముడుసుకొని, రెప్పల వెంటికల మీద మంచు వట్టి… తూట లేదు, నెత్తురు లేదు. చిల్లు యాడికెళ్ళొస్తది?

గిది చెప్పుమంటె చెప్త, పట్టు ఫోను. గిది చెప్తె కొనడా? అవు, ఎట్ల కొంటడు.

కోపానికి రాకు బిడ్డా. ఇంకొకటి ఉన్నది, మీ అమ్మకు సుత తెల్వదు. కాక దవాఖానల పడ్డది ఎండకాలం. రామగుండం ఎండలు నీకు చెప్పేదేంది, గోడలు సుత కాలుతుండె, నర్సమ్మలు కాగితాలతోని ఇసురుకుంటున్రు. ఈయనకేమో చలిజరం, మంచం గడగడ ఊగుతుండె. ఇచ్చిన దుప్పట్లన్ని కప్పిన్రు, ఆగలే. రబియా బీ ఉరికి ఇంటికి పోయి, ఇంట్ల ఉన్న ఒక్క ఉన్నిబట్ట గిదే గద, తెచ్చి మీద కప్పింది. పానం లేని మనిషి బిడ్డా, చెయ్యి లేవనోడు, రెండు చేతుల తోని తోసేసిండు. పక్క మంచం దిక్కు సూపెట్టి, "ఉస్కు ఉడావ్, రబియా, ఉస్కు," అన్నడు. వానికి కప్పు అని. పక్క మంచం ఖాళీ. మనిషి లేడు ఏం లేడు. ఆమె మంచం కాళ్ళ కాడున్న నా దిక్కు సూసింది. లేసి పోయి, గా ఖాళీ మంచం మీద, కాలరు దిండు కాడికి వచ్చేటట్టు, అంచులు కిందికి దోపి, బిడ్డకు కప్పినట్టు కప్పింది. గప్పుడు మీ దాదా వణుకుకుంటనే కండ్లు మూసుకున్నడు. మల్ల తెరువలే.

గా మాట గీ చెవులతోని ఇన్నోణ్ని, కొట్లాట అని ఎట్ల చెప్పుమంటవ్ రా…

ఓ పూలమ్మా! మోటర్ బంద్ జెయ్యి, ట్యాంకు నిండి వాకిలంత నీళ్ళైనయ్.