అసురుడికి పెట్టిన ముఖం

ఖగేన్ గురించా? కుమ్మరి పాల్ వాళ్ల ఖగేన్. కూర్చో తల్లీ, ఆ పీట ఇటు లాక్కో, ఈ మరమరాలు తింటూ విను. నేను చెప్పేదాంట్లో సగం నమ్ము చాలు. అప్పట్లో చౌధురీల ఇంటి దుర్గపూజకి ఢాక్ డోలు వాయించేవాణ్ణి కదా, నా తాళం ఎంత సరిగ్గా ఉండేదో జ్ఞాపకమూ అంతే. ఆ ఇంటి యజమాని పెద్దబాబు ఓసారి అననే అన్నాడు, "ఒరేయ్ బైకుంఠా, అమ్మవారు కిందికి దిగొచ్చేది నీ వాయింపు వినడానికి కాదురా, ఆపించడానికి" అని. ఏం చెబుతున్నాను? ఆఁ, ఖగేన్. వాడి నాన్న హారాధన్. తాతల కాలం నుంచి ఆ ఇంటి అమ్మవారిని మట్టితో చేసేది వాళ్లే. రథయాత్ర నాడు వెదురు చట్రానికి పూజ చేసి పని మొదలెడితే దసరా దాకా తండ్రీకొడుకులకి తిండి అక్కడే. నిమజ్జనమై మట్టి కరిగాక ఏట్లోంచి ఆ చట్రాన్ని ఇంటికి తెచ్చుకునే హక్కు కూడా వాళ్లదే. చట్రం ఎవరింట్లో ఉంటే మరుసటేడు పని వాళ్లది. వాళ్లకి పొలమన్నా పుట్రన్నా అదే.

ఇక తరులత, పెద్దబాబు కూతురు. ఖగేన్ మట్టి తొక్కుతుంటే ఎదురుగా కూర్చుని చిలకని చెయ్యమనేది. చేసిస్తే విరగ్గొట్టేది, మళ్లీ చెయ్యమనేది. వీడూ చేసేవాడు, ఆ మట్టికంటే మెత్తని వెధవ. పదహారేళ్లొచ్చినా అదే ఆట, చూపులు మాత్రం మారాయి. ఊరందరికీ తెలుసు, పెద్దబాబుకి తప్ప. అలాంటివాళ్లకి ఏదైనా ఆఖర్నే తెలుస్తుంది. అంతలో హుగ్లీ వకీలు కొడుకుతో సంబంధం కుదిరింది. పిల్ల ఏడిచిందనుకున్నావా? పెళ్లికొడుకు ఫోటో తెచ్చి వీడికి చూపించి, "మీసం చూడు, నీకుందా అలాంటిది? నీ ఇంటికొస్తే నేను బావిలో నీళ్లు తోడాలి. అంత పౌరుషముంటే ఆపు, చూద్దాం" అంది.

వీడికి చేతనైంది ఒక్కటే కదా. ఫోటోలో ఆ ముఖాన్ని తీసుకెళ్లి అమ్మవారి కాళ్ల కిందుండే అసురుడికి పెట్టాడు. ఎవరూ గమనించలేదు. అమ్మవారి ముఖం వదిలేసి అసురుడి ముఖం ఎవరు చూస్తారు? సప్తమి పొద్దున ప్రాణప్రతిష్ఠ అయిపోయింది. మధ్యాహ్నం పెళ్లివారు పడవ దిగారు. కుర్రాడు దండం పెట్టి తలెత్తేసరికి శూలం కింద తనే ఉన్నాడు. అదే పాపిడి, అదే సన్నమీసం, వాలిన ఎడమకన్నుతో సహా. అప్పటికీ అందరూ నోరు మూసుకుంటే సర్దుకునేదే. తరు నవ్వింది. పెళ్లివారు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా పడవెక్కారు. ముఖం చెరిపెయ్యమంటే, ప్రాణం పోశాక దశమి దాకా వేలు పెట్టకూడదన్నాడు పురోహితుడు. ఇంకేముంది, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరునాళ్లకొచ్చినట్టు అసురుణ్ణి చూడ్డానికొచ్చాయి.

"ఆ ముఖం నీకెవరు చూపించార్రా?" అన్నాడు పెద్దబాబు, అందరి ముందూ. ఖగేన్ తరు వంక చూశాడు. ఆ పిల్ల గాజులు సర్దుకుంటోంది. "హుగ్లీ వెళ్లి నేనే చూసొచ్చానండి" అన్నాడు. పక్క రేవు దాటి ఎరగని వెధవ. ఈ ఏడు చట్రాన్ని ఏటికే వదిలెయ్యమని, హారాధన్ మళ్లీ గుమ్మం తొక్కొద్దని చెప్పేశాడు పెద్దబాబు.

దశమి సాయంత్రం మట్టి కరుగుతోంది, చట్రం ప్రవాహంలో పడి పోతోంది. హారాధన్ మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు. తరు మెల్లగా ఖగేన్ పక్కకొచ్చింది. నా ఢాక్ మోతలోనూ నాకు వినబడింది. "పోయి తే. మా నాన్నని నేను ఒప్పిస్తాగా" అంది. వీడు దూకాడు, చిలకని చెయ్యమంటే చేసినట్టే. వానలకి నిండిన ఏరమ్మా అది. చట్రం కింది ఊరి రేవులో తేలింది. వాడు మర్నాడు, ఇంకా కింద.

మాట మాత్రం తప్పలేదు తరు, ఒప్పించింది. మరుసటేడు రథయాత్రకి హారాధన్‌కి కబురెళ్లింది. వచ్చాడు. రేవులో దొరికిన ఆ చట్రానికే గడ్డి కట్టాడు, మట్టి మెత్తాడు. ఒకరోజు అసురుడి తల పని. ఈ పిల్ల ఎప్పట్లాగే ఎదురుగా వచ్చి కూర్చుంది. ముసలాయన మట్టిముద్ద చేతిలో పట్టుకుని, కోపం లేదు, ఏమీ లేదు, కొలత అడిగినట్టు అడిగాడు. "ఈసారి ఎవరి ముఖం పెట్టమంటావమ్మా?"

ఆ పిల్ల...

మరమరాలు మెత్తబడిపోతున్నాయి. తినవేం?