మంగయ్య చదివిన సముద్రం

మొన్న పాల్వంచల హేమ్లి చాయ్ బండి కాడ, షిఫ్టు బస్సు కోసం కూసున్నోళ్లకు నేను చెప్పిన ముచ్చట ఇది. అసలు చెప్పింది జీపు భాస్కర్ కోసం.

"గొప్పలు నాకు చేతగావు భాస్కర్. రేపు మధులత మేడం కాలేజీ పిల్లలకు రాళ్లు చూపియ్యనీకి వస్తున్నదంటివి, నీ జీపుల ఒక్క సీటే ఖాళీ అంటివి. అది ఎవలకియ్యాల్నో నా ముచ్చట విన్నంక చెప్పు. అప్పట్ల మేడంకు బండి తోలింది నేనే. అప్పుడామె సముద్రంల చమురుకు బోరేసే కంపెనీల పనిచేసేది. బోరుల నుంచి చెయ్యంత లావు రాతి కడ్డీ ఎల్తది, గంతే. దాన్ని చూస్తే సముద్రం అడుగున ఇసుక సాపలెక్క పరుసుకున్నదో, కాలువలెక్క సన్నగ పారిందో ఎట్ల తెలుస్తది? అందుకే పర్ణశాల దాటినంక అడవిల వాగొడ్డుకు వచ్చింది. ఆడ పాత సముద్రం అడుగే రాయై గోడలెక్క నిలబడ్డది. ఈ గోడను చూసి ఆ కడ్డీని చదువుడన్నట్టు.

పది ఫెయిలైనోన్ని, నన్ను పక్కన కూసోబెట్టుకొని నేర్పిందయ్యా. చెంబుల గులకలు, ఇసుక, బురద నీళ్లు పోసి కలియబెట్టి, 'చూడు మంగయ్యా, బరువుది ముందు దిగింది, బురద చివరికి. రాయిలగూడ గిట్లనే' అన్నది. ఆ తల్లి రుణం తీరేది కాదు. అప్పటిదాక నాకు రాయంటే టైరు కింద పెట్టేదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక రాయి తీసి తల ఏదో తోక ఏదో, అంటే ఏది పైదో ఏది అడుగుదో చెప్పిన. మేడం మెచ్చుకున్నది."

"గిదా ముచ్చట?" అన్నడు తాపీ మేస్త్రీ గోప్యా.

"ఆగరాదు. మర్నాడు వాసన చూసి చెప్పిన, గిది లోతు నీళ్లు, గిది ఒడ్డు అని. ఆ మర్నాడు చెవి పెట్టిన. లోపల ఇసుక కొండ జారిన సప్పుడు, టిప్పర్ ఎత్తినట్టు. 'మేడం, గిది శనివారం జారింది' అన్న."

"శనివారమని ఎట్ల తెలిసింది కాకా?" హేమ్లి అడిగింది.

"అండ్ల చిక్కిన చేపలు ఒక్కపొద్దున్నయ్ బిడ్డ, కడుపులు సన్నగున్నయ్. ఇగ విను, ఇసుక పట్టీ వెంబడి నడిస్తే సన్నగై సన్నగై తెగిపోయింది. కాలువే. ఆడ సముద్రంలనేమో మేడం కంపెనీ ఓడ, ఇసుక సాపలెక్క ఉన్నదనుకొని తప్పు జాగల బోరేస్తున్నది. ఫోన్‌ల సిగ్నల్ లేదు. వాగుల మూతి పెట్టి అరిసిన, 'జర పక్కకు జరుపుండ్రి' అని. వాగు గోదాట్లకు, గోదారి సముద్రంలకు. పొద్దుమూకేసరికి ఓడ జరిగింది. కెప్టెన్ 'సరే మంగన్నా' అన్న మాటను పులస చేపలు ఎదురెక్కి మోసుకొచ్చినయ్."

భాస్కర్ లేసిండు. బండి ఎనకకు పోయి ఒక ముక్క తెచ్చి నా ఒళ్ల పెట్టిండు. "ఇది చదువు మామా. సరిగ్గ చదివితే సీటు నీదే."

తిప్పి చూసిన. అడుగున గులకలు, నడుమ ఇసుక, పైన నున్నటి బూడిద రంగు. మేడం చెప్పినట్టే అచ్చం. నా పానం లేచొచ్చింది. "గిది తల, గిది తోక. లోతు సముద్రం. మనిషి పుట్టకముందుది."

"పోయిన ఎండకాలం నేనే పోసిన," అన్నడు గోప్యా. "సిమెంటు మోరీ మూత. మొన్న లారీ ఎక్కితే పలిగింది."

బస్సు కోసం నిలబడ్డోళ్లు గూడ కూసొని నవ్విండ్రు. నేను ముక్కను కిందపెట్టలే. "అయితే నువ్వు కలిపిన సిమెంటు మాల్‌ల నీళ్లెక్కువైనయ్ గోప్యా. కంకర అంతా అడుక్కు దిగింది చూడు."

గోప్యా చూసిండు. నవ్వు ఆపి చాయ్ తాగిండు.

"పొద్దుగాల జల్దీ రా మామా," అన్నడు భాస్కర్. "కాని మేడంకు ఈ మోరీ మూత ముచ్చట నేనే చెప్త."

"చెప్పు. చదువు ఆమె నేర్పిందే, సముద్రం నేను కలిపిన అని చెప్పు."