తెగని అతుకు

ధర్మవరంలో ఒక నేత ఇంటాయన చీర సగం నేసి ఊరిడిచిపోయినాక, భార్యే మగ్గం గుంతలోకి దిగి ఆ చీర పూర్తి చేసింది. ఈ పొద్దు మగ్గం మీది పాత పడుగు నిలువు దారాల కొసలకు కొత్త పోగులు చేర్చి, జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని పురి తిప్పుతా ఉంటే, బడినుంచి కూతురొచ్చి పక్కన కూచునింది. ఆ పిల్ల వేళ్ళకు పొద్దున పోగులు అతికిన బూడిద అట్లే ఉంది.

"చేతులు కడుక్కోకుండానే బడికి పోయినావా?"

"పోయినా."

"బూడిదమ్మా అని ఎక్కిరిస్తారని నువ్వే కదా ఏడుస్తాంటివి. రేపట్నుంచి పోగులు అతికేదానికి నువ్వు కూచోవద్దులే."

"ఈ పొద్దూ ఎక్కిరించినారు. మీ నాయన ఇడిచిపోతే మీయమ్మ మగోళ్ళ పనికి దిగిందంట కదా అన్నారు."

తల్లి వేళ్ళు నిలిచిపోయినాయి.

"నువ్వేమంటివి?"

"అవునంటి. రెండు పట్టుపోగులిచ్చి, ముడెయ్యకుండా అతకమంటి. ఎవురికీ రాలేదు. నేను పురి తిప్పి అతికిస్తి. దానికోసరమే బూడిద కడుక్కోలేదు."

"వాళ్ళు ఊరికే ఉంటారా?"

"ఉండలేదు. చెరో కొస పట్టుకుని గట్టిగా గుంజినారు."



"తెగిపోయిందా?"

"దారం తెగిందమ్మా. అతుకు తెగలేదు."

తల్లి తన పక్కనున్న బూడిద చిప్పను ఇద్దరి మధ్యకు జరిపింది.