పల్లాలమ్మ గుడ్ల పెట్టె ఆరిపోయిన రోజు

పల్లాలమ్మ ఒకత్తే ఉండేదండీ, మా ఈధి చివర పెంకుటింట్లో. మొగుడు పోయి ఆరేళ్ళు. ఆవిడకి కోళ్ళంటే పాణం. కాపరానికి పంపేటప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో ఎట్టి పంపిన ఎర్రపెట్ట సంతానమంట అయ్యన్నీ. ఆ ఏడు ఏవైందంటే, కొక్కెర తెగులొచ్చింది. పొద్దున్న తిరిగిన కోడి సాయంత్రానికి మెడ వాల్చేసేది. పది రోజుల్లో ఈధంతా ఖాళీ, కూతన్నదే లేదనుకో. పల్లాలమ్మ కోళ్ళూ ఒక్కటి మిగల్లేదు. మిగిలిందల్లా తెగులు రాకముందు పెట్టెలో ఎట్టిన ముప్పయ్యొక్క గుడ్డు. బల్బు ఎచ్చకి గుడ్లు పొదిగే పెట్టె ఉంటాది చూడండి, అది. రోజుకి నాలుగుసార్లు అద్దంలోంచి చూసుకునేది. ఆ పసుప్పచ్చటి ఎలుగులో గుడ్లన్నీ నిద్దరోతన్నట్టుండేయంట.

పందొమ్మిదో రోజున గాలివానొచ్చి తీగలు తెగిపోయినియ్యి. పోతే పోయింది, ఇంట్లో ఇన్వర్టరుంది కదా. ఫేన్లూ లైట్లూ అన్నీ కట్టేసి ఒక్క పెట్టెకే ఉంచింది. మర్నాడు మజ్జానం ఆవిడ ఆడబడుచు బంగారమ్మ తడిసి ముద్దై ఒచ్చింది, ఒదినెలా ఉందో చూద్దారని. ఒణికిపోతందంట. ఉండవే, పక్కింట్లో వేడన్నం అడిగి తెత్తానని పల్లాలమ్మ అటెళ్ళింది. ఇటు బంగారమ్మేం చేసింది, స్నానాల గదిలో బకెట్టుంది, నీళ్ళు కాగే హీటరుంది, ముంచి స్విచ్చేసేసింది. ఇన్వర్టరు బల్బు మోత్తాది గానీ హీటరు మొయ్యలేదని ఆవిడకేం తెలుసు పాపం? ఇన్వర్టరు కీఁ... మని ఒక్క అరుపు అరిచి, ఎర్రలైటు ఎలిగి, ఊరుకుండిపోయింది. పెట్టెలో బల్బూ ఆరిపోయింది.

పల్లాలమ్మ ఒచ్చి చూసింది. మంచం మీద బొంత పరిచి, గుడ్లన్నీ ఒక్కోటీ తెచ్చి ఎట్టి, వాటి చుట్టూ వొంగి పడుకుని పైన దుప్పటి కప్పేసుకుంది. అప్పుడంది, "బంగారూ, సత్తిరాజు బాబాయిని పిల్చుకురా. పరిగెట్టు." ఏడుత్తానే పరిగెట్టింది బంగారమ్మ.

సత్తిరాజంటే ఎవరనుకున్నారు, మైకుసెట్లూ ఇన్వర్టర్లూ బాగుచేసేవోడు. చెవులు సుతరామూ ఇనబడవు. నవ్వకండి, చెవిటోడే మైకులు బాగుచేసేది, అరిచేయి ఆనించి చూసి. గొడుగేసుకుని ఒచ్చాడు, ఇన్వర్టరు మీద చెయ్యేశాడు. "కాలిపోతందమ్మా. మోయలేనంత బరువెట్టారు, అందుకని అదే ఆగిపోయింది. ప్లగ్గులన్నీ పీకెయ్యండి. అరగంట చల్లారాల" అన్నాడు, చెవిటోళ్ళ గొంతు కదా, ఇల్లెగిరిపోయేలా. "గుడ్లు చల్లారిపోతాయి బాబాయ్" అంది పల్లాలమ్మ. ఆయన పెదాలు చూసి తెలుసుకున్నాడు. "ఎచ్చ మీద మీట నొక్కితే లోపలున్నది కూడా పోద్ది. నువ్వున్నావుగా. అరగంట నువ్వే కోడిపెట్టవి" అన్నాడంట.

ఇంక చూడండి, బయట వాన, లోన చీకటి చీకటిగా ఉంది. బంగారమ్మ ఒదిన కాళ్ళకాడ కూచుంది. పల్లాలమ్మకి ఆ ఎచ్చకి కళ్ళు మూతలడిపోయినియ్యి. నిద్దరో మెలకువో ఆవిడకే తెల్దు. వానలోంచి కోళ్ళొత్తన్నాయంట, పోయినయ్యన్నీ, బారుగా. ఒక్కదానికీ తడవలేదంట ఈకలు. ముందర ఎర్రపెట్ట. అది మంచమెక్కి, దుప్పటి కింద దూరి, ఆవిడ పొట్టకాడ సద్దుకుని కూచుందంట. "అమ్మా, ఒచ్చేవా" అందంట పల్లాలమ్మ. ఎవర్నందో, కోడినో, వాళ్ళమ్మనో.

అరగంటయ్యాక సత్తిరాజు ఇన్వర్టరు ఎనకాలున్న మీట నొక్కాడు. మళ్ళీ ఎర్రలైటే. "ఇంకేదో తగిలించే ఉంది. ఎతకండి" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది బంగారమ్మకి, గదిలో హీటరు ప్లగ్గు పీకలేదని! ఎళ్ళి పీకింది. మళ్ళీ నొక్కితే పచ్చలైటొచ్చింది. పెట్టె ప్లగ్గెడితే బల్బు గుడ్డిగా ఎలిగి, టప్పున ఆరిపోయింది. పల్లాలమ్మ దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కుంది. ఆయన మాత్రం కంగారు పడలేదు. అంతా కట్టేసి, బేటరీ కాడ కూచున్నాడు. తీగలు బిగించేచోట తెల్లటి పొడి పేరుకుపోయుంది, ఒక తీగైతే ఒదులు. మామూలప్పుడు ఎలాగో నెట్టుకొచ్చింది, బరువు పడేసరికి తేలిపోయింది. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, నొక్కాడు.

ఎలిగిందండీ! నిండుగా.

గుడ్లన్నీ పెట్టెలో సద్దుతుంటే ఒకదాంట్లో టిక్కుమందంట. పల్లాలమ్మ చెవికానించుకుంది. ఆనించుకుని, ఏవనుకుందో, తీసుకెళ్ళి సత్తిరాజు అరిచేతిలో ఎట్టింది. ఆయన కదలకుండా నిలబడిపోయాడు. కళ్ళమ్మట నీళ్ళు. అంత అరిచే మనిషీ గుసగుసలాడేడంట, "లోన ఎవరో తలుపు కొడతన్నారమ్మా" అని.

ముప్పయ్యొక్కింటిలో ఇరవయ్యారు పిల్లలయినియ్యి. అయిదు కాలేదు, వాటికోసం ఏడిసింది కూడా. పెరిగేక ఖాళీ అయిపోయిన ప్రతింటికీ ఒకటిచ్చింది పల్లాలమ్మ. మాకూ ఒకటొచ్చింది. మంచి కోడే, కాపోతే గుడ్లు మాత్రం ఎదురింటోళ్ళ గడ్డిమేట్లో ఎడతాది. ఆ ఇంటోళ్ళకీ మాకూ నాలుగేళ్ళబట్టి మాటల్లేవు. కోడికేం తెలుసు? ఇప్పుడు రోజూ ఎళ్ళాలి, "మా గుడ్డుందా అక్కా" అనడగాలి. నిన్న టీ కూడా ఇచ్చింది. పంచదారెక్కువైంది గానీ, తాగేనులెండి.