పెద్దాయన తొండాట

"అమ్మమ్మా, చౌరస్తాల కొత్తగ విగ్రహం పెట్టిండ్రు గద, ఆ పెద్దాయన మీ ఇంటి ఓనరేనట! ఎట్లుండేటోడు? రేపు స్కూల్ల ఆయన మీద మాట్లాడాలె."

అయ్యో, ఆయనా! జర ఆ ఇసనకర్ర ఇటియ్యి, కరెంటు ఇప్పట్ల రాదు, చెప్త. విగ్రహానికేమో మూతి ముడిపిచ్చి, ఏలు సూపెట్టుకుంట నిలవెట్టిండ్రు. కోఠిల మీటింగులల్ల గట్లనే గర్జించేటోడు, పోలీసోళ్లు గూడ వణికేటోళ్లు. ఇంటికొస్తే? అష్టాచెమ్మ పిచ్చోడు బిడ్డా, ఒట్టు! నారాయణగూడ గల్లీల వాళ్ల ముంగటి అర్రల మేం కిరాయికుంటిమి. కిరాయి ఆరు రూపాలు... కాదు కాదు, ఏడు, నల్లా కలిపి. పొద్దూకితే బనీను మీదనే అరుగెక్కి కూసోని, సుద్దముక్కతోటి గళ్లు గీసి, "రావే పిల్లా" అని నన్ను పిలిచేటోడు. ఇగ తొండి! గవ్వను మోకాలు కింద దాసేటోడు. ఊరందరికి సత్యం, ధర్మం చెప్పి ఈడ తొండాట! పట్టుకుంటే, "మీ పెద్దమ్మకు చెప్పకే" అని బతిలాడేటోడు. పెద్దమ్మంటే ఆయన భార్య. ఆమెకొక్కదానికే భయపడేటోడు.

ఏం చెప్తున్న? ఆఁ. నాకు ఏడో తరగతి అయింది. మా నాయన సదువు బంద్ అన్నడు. "ఆడివిల్లకు సంతకం వస్తే సాలు" అన్నడు. రెండు దినాలు బువ్వ ముట్టలె నేను. పోయి పెద్దాయనను అడిగితే, "మీ ఇంటి ముచ్చట్ల నేను ఏలు వెట్టనే" అన్నడు. నాకు మండింది. "అయితే ఆట ఆడుదాం, నేను గెలిస్తే మా నాయనకు చెప్పాలె" అన్న. ఆట పేరు ఇంటే ఆయన ఆగుతడా?

ఆఖరికి చెరొక కాయ మిగిలింది. నాకు రెండు పడితే పండుతది. ఏసిన. మూడు గవ్వలు ఎల్లకిల పడ్డయి! వంగినట్టు జేసి, లంగా అంచుతోటి ఒక గవ్వను బోర్లిచ్చిన. అవు బిడ్డా, నేనే! తల లేపితే ఆయన నా లంగా అంచునే సూస్తున్నడు. ఒక్క గడికి గంట కొట్లాడే మనిషి, మీసాల్ల నవ్వుకుంట, "రెండే పడ్డయి, పండినవ్ పో" అని, అంగి తొడుక్కొని సీదా మా నాయన దగ్గరికి వోయిండు.

గట్ల సదువుకున్న. ముప్పై ఏండ్లు పంతులమ్మ నౌకరి చేసిన. మొన్న చిక్కడపల్లి మార్కెట్‌కు పోతుంటే విగ్రహం కాడ రిక్షా ఆపిచ్చిన. నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లు గూడ వచ్చినయి. "పెద్దనాయనా, ఆ దినం మూడు పడ్డయి" అన్న. రిక్షాయన పరేషాన్!

రేపు ఇదే చెప్పు, ఏంగాదు. మంచిగ సదువుకో, సల్లగుండు నా తల్లి. లే, ఆ గవ్వల డబ్బా పట్టుకరా, ఒక ఆట ఆడుదాం. తొండి మాత్రం చెయ్యకు. నేను చేస్తే... జర సూడనట్టుండు.