మూడో సీటు

పాత ఫర్నిచర్ దుకాణంలో రెండు సీట్లు చెరో దిక్కుకి తిరిగి ఉన్న ఒక వింత కుర్చీ ముందు తల్లీకూతుళ్లు ఆగారు. కూతురిది ఇళ్లను లోపల అందంగా తీర్చిదిద్దే పని. తల్లికి వచ్చే నెలలో రెండో పెళ్లి.

"ఇదేమిటే, ఇలా మెలికలు తిరిగింది?"

"పక్కపక్కనే కూర్చున్నా ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుందమ్మా. పాతకాలంలో విదేశాల్లో పెళ్లి కుదిరిన జంటల కోసం చేసేవాళ్లట. మీ హాలంతా దీనికి తగ్గట్టే సర్దుతాను."

"ఛీ పో, ఈ వయసులోనా! నిజం చెప్పు, ఈ పెళ్లి నీకు ఇష్టమేనా?"

"నాన్న పోయాక నువ్వు గోడకేసి చూస్తూ భోంచేస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేదమ్మా. నీకెదురుగా ఓ మనిషుండాలి."

తల్లి కళ్లు తుడుచుకుంది.

"మరి నువ్వొస్తే ఎక్కడ కూర్చుంటావే?"

"ఈ రకంలోనే మూడు సీట్లది కూడా ఉంది. మూడోది జంటకి కాపలా కూర్చునే పెద్దవాళ్లదట."

"అయితే అదే కొను. కాపలా వంకతోనైనా వారం వారం వస్తావు."