ఎనిమిది రోజుల అతిథులకు అండ: శ్రీమతి అరబా ఎగ్యిర్ గారు

1988 సెప్టెంబరు 5వ తేదీన మా తీరప్రాంతపు ఆసుపత్రి ప్రసూతి విభాగంలో నర్సుగా చేరిన శ్రీమతి అరబా ఎగ్యిర్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనుండడం మాకు గర్వాన్నీ దిగులునూ ఒక్కసారే కలిగిస్తున్నది.

ఎనిమిదో రోజున గడప దాటించి పేరు పెట్టేదాకా శిశువు మనకు అతిథే. అతిథి వెళ్ళిపోతే ఏడవరాదని పెద్దల మాట. ఆ మాటను గౌరవిస్తూనే, ఎందుకు వెళ్ళిపోయాడో అడగకపోవడం ఏ ఇంటి మర్యాదంటూ ప్రతి మరణం తర్వాతా ఆమె మమ్మల్ని నిలదీసేవారు. నెలలు నిండకపోవడం, పుట్టగానే ఊపిరందకపోవడం, బొడ్డు చీము పట్టడం, ఒళ్ళు చల్లబడడం: జవాబులు తరచూ ఇవే. టీకాల పుణ్యమా అని ఏడాది దాటిన పిల్లల మరణాలు చకచకా తగ్గినా, తొలివారపు మరణాలు మాత్రం మొండికేశాయి. అరబా గారు అంతకన్నా మొండివారు.

2003లో ఆమె విభాగ బాధ్యతలు స్వీకరించిన కొత్తలో నెలలు నిండని కవలలు పుట్టారు. తల్లికి రక్తస్రావం ఆపడంలో మేము మునిగి ఉండగా, అమ్మమ్మ నానా ఎసీ ఆచారం తప్పకుండా పెద్దవాడు పానిన్‌కు నీళ్ళు మార్చి మార్చి స్నానం చేయించారు. సాయంత్రానికి బిడ్డ చల్లబడి కన్నుమూశాడు. అయినా ఆమె చిన్నవాడి కోసం చేతులు చాచారు.

"వీడికీ నీళ్ళు పోయాలి తల్లీ. పుట్టిన మురికి వదలకపోతే పెద్దయ్యాక ఒళ్ళు కంపు కొడుతుంది. ఏ పిల్ల చేసుకుంటుంది వీణ్ణి?"

అరబా గారు ఆమెను నిందించలేదు. చిన్నవాడు కాక్రా చల్లబడకుండా ఆ అమ్మమ్మ గుండెకే ఆనించి గుడ్డతో కట్టారు. "ముందు పెళ్ళీడుదాకా బతకనీ నానా. కంపు కొడితే నా దగ్గరికి పట్టుకురా, నేనే ఒళ్ళు రుద్ది పోస్తా."

"మాట మీద ఉంటావా?"

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఉంటా."

గత వారం నానా ఎసీ కర్ర పట్టుకుని, ఆరడుగుల కాక్రాను వెంటబెట్టుకుని వార్డుకు వచ్చారు.

"దిగిపోతున్నావట. నీ మాట గడువు తీరకముందే వాసన చూడు."

కుర్రవాడు సిగ్గుపడుతూ వంగాడు. అరబా గారు అతని మెడకు ముఖం ఆనించి చాలాసేపు ఎత్తలేదు.

"ఏం, కంపేనా?"

"చేపల వాసన, నానా."

"పడవ మీద పని కదా మరి." నానా ఎసీ మెల్లగా అన్నారు. "పెద్దవాణ్ణి కూడా నీకే ఇచ్చుంటే బాగుండేదే."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అతిథి కోసం ఏడవరాదన్న మాట మాలో ఎవరమూ ఎత్తలేదు.

అరబా గారూ, మీరు నిలబెట్టిన పిల్లల పిల్లలకు ఎనిమిదో రోజున పేరు పెట్టే పెద్దదిక్కుగా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు మా మధ్య వెచ్చగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.